నాకు బాకీ పడ్డవాడి చిరునామా

2025 జనవరి 9 రాత్రి నా ఫోన్‌లో, ఆన్‌లైన్ జూదం సైటు ఖాతాలో, 1,47,300 రూపాయలు కనిపించాయి. నావే అనుకున్నాను. ఆ డబ్బు నా చేతికి రాలేదు, ఇక రాదు కూడా. దాన్ని రాబట్టుకోవడానికి కొన్నాళ్లు, దాని వెనకే వచ్చిపడిన ఇంకో చిక్కు విడిపించుకోవడానికి కొన్నాళ్లు, మొత్తం నాలుగు నెలలు తిరిగాను. ఏ గుమ్మం ఎక్కితే ఏమంటారు, ఏ కాగితం అడుగుతారు అన్నది ముందే ఎవరైనా చెప్పి ఉంటే అందులో సగం తిరుగుడు తప్పేది. మా వైపు ఇలా ఇరుక్కున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఎవరూ బయటికి చెప్పుకోరు. నేను చెబుతున్నాను.

మాది కాశీబుగ్గ. జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. పిక్కల బస్తాలు ఎన్ని దిగాయి, గుండ్లు ఎన్ని, బద్దలు ఎన్ని, ఏ పార్టీ ఎంత ఇవ్వాలి, ఇదే నా పని. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు మా నాన్న జీడితోట, కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. మళ్లీ మొక్కలు వేయడానికి చేసిన అప్పు ఇంకా నా మీదే ఉంది. అందుకే ఆడానని చెప్పను. అప్పు ఉన్నవాళ్లందరూ ఆడటం లేదు. కానీ రాత్రి పడుకునే ముందు ఆ వడ్డీ గుర్తొస్తుంటే, చేతిలో ఉన్న ఫోన్ ఒక దారిలా కనిపించింది.

2024 నవంబరులో పిక్కల లారీ మీద వచ్చే కుర్రాడొకడు నాకు ఐడీ ఇప్పించాడు. ఐడీ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఒక వాట్సాప్ నంబరుకు మెసేజ్ పెడితే వాళ్లు క్యూఆర్ కోడ్ పంపుతారు. దానికి డబ్బు వేసి స్క్రీన్‌షాట్ పెడితే లాగిన్ పేరు, పాస్‌వర్డ్ వస్తాయి. అందులో క్రికెట్ పందేలున్నాయి, మన ఊళ్లలో కోతముక్క అనే పేకాట కూడా ఉంది. ఎవరూ ఏ రాష్ట్రమని అడగలేదు.

ఈ చివరి మాట చాలా ముఖ్యం, అప్పుడు నాకు తట్టలేదు. మన రాష్ట్రంలో 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని, డబ్బు పెట్టి ఆడే రమ్మీని కూడా నిషేధించారు. నడిపేవాళ్లకే కాదు, ఆడేవాళ్లకూ శిక్ష ఉంది. అప్పట్నుంచి పేరున్న కంపెనీల యాప్‌లు లొకేషన్ చూసి ఆంధ్రప్రదేశ్ అని తేలితే తలుపు మూసేసేవి. అంటే మనకు తలుపు తీసే సైటు ఏదైనా ఉందంటే, అది ఏ చట్టానికీ జవాబు చెప్పని సైటే అయ్యుండాలి. నాకు మాత్రం, ఇక్కడ లొకేషన్ గొడవ లేదు, హాయిగా ఉంది అనిపించింది.

డబ్బు వేసిన ప్రతిసారీ క్యూఆర్ మారేది. ఒకసారి ఏదో ట్రేడర్స్, ఇంకోసారి ఏదో ఎంటర్‌ప్రైజెస్, ఒకసారి ఎవరో ఆడమనిషి పేరు. ఫ్యాక్టరీలో ఒక పార్టీ డబ్బు ఇంకో పేరు మీద వస్తే ఫోన్ చేసి అడగనిదే పద్దు రాయను. అదే నేను రెండు నెలల్లో 23 సార్లు, 23 కొత్త పేర్లకు, మొత్తం 61,500 రూపాయలు పంపాను. ఒక్కసారైనా ఈ డబ్బు ఎవరి దగ్గరికి పోతోందని అడగలేదు. నన్ను నేను క్షమించుకోలేనిది ఆడటం కంటే ఈ సంగతే.

డిసెంబరు 14న 8,000 రూపాయల విత్‌డ్రా పెట్టాను. ఇరవై నిమిషాల్లో ఖాతాలో పడింది. ఎప్పుడూ వినని ఒక పేరు నుంచి వచ్చింది. ఆ 8,000 చూసి నమ్మకం కుదిరింది. ఈ 8,000 సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

జనవరి 9న ఐడీలో 1,47,300 చేరింది. పండక్కి బట్టలు, పిల్ల ఫీజు, వడ్డీ కొంత అనుకుని 1,40,000 విత్‌డ్రా పెట్టాను. గంటకు తిరస్కరించారు. చాట్‌లో అడిగితే బోనస్ నిబంధన అన్నారు. డిసెంబరులో నేను 10,000 వేసినప్పుడు వాళ్లంతట వాళ్లే 5,000 బోనస్ కలిపారు. ఆ రెండూ కలిపి 15,000కు పదిహేను రెట్లు, అంటే 2,25,000 రూపాయల పందేలు పూర్తయితేనే డబ్బు కదులుతుందట. లెక్క తీస్తే నావి అప్పటికే దాటాయి. ఆ మాటే పెట్టాను. అప్పుడు ఆధార్, పాన్, ముఖం ఫొటో అడిగారు. పంపాను. రెండో రోజు కొత్త మెసేజ్ వచ్చింది. మీ గెలుపు మీద 20 శాతం పన్ను, 29,460 రూపాయలు, ముందు జమ చేస్తే మొత్తం ఒకేసారి విడుదల చేస్తామన్నారు.

నేను కట్టడానికే సిద్ధపడ్డాను. కనుమ రోజు నరసన్నపేటలో అప్ప ఇంటికి వెళ్లినప్పుడు బావని ముప్పై వేలు అడిగాను. బావ బంగారం కొట్లో గుమస్తా. ఎందుకురా అని అడిగితే అక్కడే పెరట్లో నిలబడి అంతా చెప్పాను. ఫోన్ తీసుకుని ఆ మెసేజ్ రెండుసార్లు చదివాడు.

"పన్ను పట్టుకున్నోడు నీకిచ్చే దాంట్లోంచి పట్టుకుంటాడు గానీ, నీ జేబులోంచి తెచ్చి కట్టమంటాడేటి? వాడి దగ్గరే లక్షన్నర ఉంది కదా, అందులోంచి కోసుకోమను."

ఆ మాటే చాట్‌లో పెట్టాను. సిస్టమ్ ఒప్పుకోదు అని జవాబొచ్చింది. తర్వాత ఆదాయపు పన్ను నియమం చదివితే బావ చెప్పింది అక్షరాలా నిజం. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్ ఆటల్లో నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్ ఉంది. అప్పటి చట్టంలో అది సెక్షన్ 194బీఏ. అది డబ్బు చెల్లించేవాడు కోసుకుని ప్రభుత్వానికి కట్టాలి, ఆడినవాడు ముందు జమ చేసేది కాదు. 20 శాతం అన్న అంకె కూడా తప్పే. ఎవరికైనా పన్ను కడితే విడుదల చేస్తాం అని మెసేజ్ వస్తే, ఆ సైటుతో మీకున్నది తగాదా కాదు, మోసం. ఆ క్షణం నుంచి చాట్‌లో బతిమాలడం ఆపేయండి. నేను ఆపలేదు. ఇంకో అయిదు రోజులు రాత్రిళ్లు కూర్చుని టైపు చేస్తూనే ఉన్నాను. 'డియర్ సర్, మీ విత్‌డ్రాయల్ రివ్యూలో ఉంది' అన్న వాక్యం తప్ప ఇంకోటి రాలేదు.

ఆ అయిదు రోజుల్లోనే లైసెన్సు సంగతి చూశాను. సైటు అడుగున కురసావ్ దీవి లైసెన్సు అని ఒక ముద్ర ఉంది. కరీబియన్ సముద్రంలో ఉన్న చిన్న దీవి అది. ప్రపంచంలో చాలా జూదం సైట్లు అక్కడి లైసెన్సు చూపిస్తాయి. గతంలో నాలుగైదు పెద్ద లైసెన్సుల నీడలో లెక్కలేనన్ని సైట్లు నడిచేవి. 2024 డిసెంబరులో అక్కడ కొత్త చట్టం వచ్చింది. నిజమైన ముద్ర మీద నొక్కితే అక్కడి రిజిస్టరు పేజీ తెరుచుకుని కంపెనీ పేరు, లైసెన్సు స్థితి కనిపించాలి. నేను నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. అది ముద్ర బొమ్మ, అంతే. సైటులో ఎంత వెతికినా కంపెనీ పేరు లేదు. ఫిర్యాదులకంటూ ఇచ్చిన మెయిల్‌కు రాస్తే అలాంటి చిరునామా లేదని తిరిగొచ్చింది.

బయటి దేశాల్లో ఈ గొడవలు ఎలా తీరుస్తారో కూడా చదివాను. బ్రిటన్‌లో లైసెన్సున్న కంపెనీతో పేచీ వస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తేలకపోతే కస్టమర్ పైసా కట్టకుండా బయటి మధ్యవర్తి సంస్థ దగ్గరికి వెళ్లొచ్చు. ఐబాస్ అలాంటి సంస్థ. అక్కడి గ్యాంబ్లింగ్ కమిషన్ ఒక్కొక్కరి తగాదా తను తీర్చదు గానీ, ఇలాంటి మధ్యవర్తిని చూపించడం ప్రతి కంపెనీకీ తప్పనిసరి చేసింది. చదువుతుంటే కడుపు మండింది. అక్కడ తగాదాకు రెండు పక్షాలున్నాయి. నాకున్నది ఒకే పక్షం, నేను.

జనవరి 20 సోమవారం ఉదయం సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేశాను. అంతకు ముందు వారం రోజులు చేయకపోవడానికి కారణం భయం. ఆడటం మన రాష్ట్రంలో నేరం అని తెలుసు కాబట్టి, ఫిర్యాదు ఇస్తే నన్నే లోపలేస్తారేమో అని టెన్షన్. ఫోన్ తీసినాయన మర్యాదగానే అడిగాడు. ఏ రోజు, ఎంత, ఏ బ్యాంకు నుంచి, యూటీఆర్ నంబరు ఎంత? యూటీఆర్ అంటే ప్రతి యూపీఐ చెల్లింపుకు ఉండే 12 అంకెల నంబరు. 23 చెల్లింపుల్లో నా దగ్గర రాసిపెట్టుకున్నది ఒక్కటీ లేదు. ఫోన్ పెట్టేసి, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, ఫ్యాక్టరీ చిట్టా రాసినట్టే గళ్లు గీసి తేదీ, సమయం, మొత్తం, యూటీఆర్, అవతలి పేరు రాసుకున్నాను. ఆ కాగితం ముందు నుంచి చివరిదాకా ప్రతి ఆఫీసులోనూ పనికొచ్చింది. మళ్లీ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా వివరాలు ఎక్కించాను. ఫిర్యాదు అందినట్టు ఒక నంబరు మెసేజ్‌గా వచ్చింది.

కానీ నా చివరి చెల్లింపు అప్పటికి పదకొండు రోజుల కిందటిది. 1930 పనిచేసే తీరు వేరు. మనం చెప్పగానే డబ్బు చేరిన బ్యాంకుకు కబురు వెళ్తుంది, అక్కడ ఇంకా ఉంటే ఆపుతారు. లేకపోతే అది దాటిపోయిన తర్వాతి ఖాతాను వెతుకుతారు. గంటల్లో చెప్పినవాళ్ల డబ్బు దొరికే అవకాశం ఎక్కువ. నా డబ్బు ఒక్క ఖాతాలోనూ మిగిలి లేదు.

స్టేషన్‌లో పెద్దాయన, హెడ్ కానిస్టేబుల్, నా రాతకోతలు చూసి ఒక మాట అన్నాడు. "నువ్వు 1,47,300 పోయిందని రాసేవు. అది నీది కాదు బాబూ. నువ్వేసింది 61,500, అందులో వెనక్కొచ్చింది 8,000. పోయింది రాయి, గెలిచింది రాయకు." నా మీద కేసు పెడతారా అని అడిగాను. "పెట్టొచ్చు. ముందు మోసం సంగతి చూద్దాం, నిజం దాచకు" అన్నాడు. ఫిర్యాదు మళ్లీ రాశాను, 53,500 అని. ఆ అంకె కాగితం మీద పెట్టినప్పుడు నా లక్షన్నర నిజంగా పోయినట్టనిపించింది. అప్పటిదాకా అది ఎక్కడో ఉందనే నా లోపల ఉంది.

ఆ తర్వాత వారం పలాసలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి శ్రీకాకుళం వెళ్లాను. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంది. ఉచిత న్యాయ సహాయానికి దేశమంతటా ఫోన్ నంబరు 15100. అక్కడున్న లాయరు మేడమ్ నా కట్ట అంతా ఓపిగ్గా తిరగేశారు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేద్దామని నా ఆలోచన. 2019 చట్టం ప్రకారం 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదని చదివి వెళ్లాను.

ఆవిడ రెండు సంగతులు చెప్పారు. మొదటిది 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 30. పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచింది ఇప్పించమని దావా వేయడానికి వీల్లేదు. రమ్మీ నైపుణ్యం ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది కదా అన్నాను. మీరాడింది రమ్మీ కాదు, అయినా మన రాష్ట్రంలో 2020 సవరణ తర్వాత డబ్బు పెట్టి ఆడితే అదీ కుదరదు అన్నారు. రెండోది ఆవిడ నోటితో చెప్పనక్కర్లేకపోయింది. ఒక ఫారం నా ముందుకు తోశారు. అందులో ఎదుటి పార్టీ పేరు, పూర్తి చిరునామా అని ఒక గడి ఉంది. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. సైటు పేరు రాస్తే అది కంపెనీ కాదు. వాట్సాప్ నంబరు రాస్తే నోటీసు ఎక్కడికి పంపుతారు? 23 పేర్లున్నాయి, వాళ్లు దేనికో తెలియకుండానే ఖాతాలు అద్దెకిచ్చినవాళ్లు కావచ్చు. ఫ్యాక్టరీలో పది రూపాయల బాకీకి కూడా ఊరు, వీధి, ఫోన్ రాసి ఉంటాయి. నాకు లక్షన్నర బాకీ పడ్డవాడికి గడిలో రాయడానికి ఒక్క అక్షరం లేదు. ఫారం ఖాళీగానే తిరిగిచ్చి, ఆమదాలవలస వచ్చి బండెక్కాను.

ఇక్కడితో అయిపోతే ఇంత రాసేవాణ్ణి కాదు.

ఫిబ్రవరి 2 ఆదివారం. జీతం పడి రెండు రోజులైంది. బియ్యం తేవడానికి ఏటీఎంకు వెళ్తే డబ్బు రాలేదు. యూపీఐ పోలేదు. ఖాతాలో 33,412 కనిపిస్తున్నాయి, కదలడం లేదు. మా ఆవిడ పక్కనే ఉంది. ఏమైందని ఆవిడ అడిగితే అక్కడే, ఏటీఎం మెట్ల మీద, మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చింది. అరవలేదు. "డబ్బు పోతే మళ్లీ సంపాదించుకుంటాం. రెండు నెలల నుంచి పక్కనే పడుకుని నాకు చెప్పలేదు మీరు" అంది. ఆ రోజు పక్కింటి నుంచి అయిదు వేలు అడిగి తెచ్చింది ఆవిడే.

సోమవారం బ్యాంకుకు వెళ్తే, పైనుంచి ఆపారు, మాకేం తెలియదు, సైబర్ పోలీసుల్ని అడగండి అన్నారు. మూడు రోజులు అదే జవాబు. నాలుగో రోజు నేను తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసుకెళ్లాను. నా ఖాతా ఏ ఫిర్యాదు మీద ఆగింది, ఆ ఫిర్యాదు నంబరెంత, ఏ రాష్ట్రంలో ఏ స్టేషన్, ఎంత మొత్తం మీద వివాదం? ఈ నాలుగు ప్రశ్నలు రాసి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకున్నాను. ముద్ర వేయాల్సి వచ్చాక కంప్యూటర్‌లో చూసి ఒక ప్రింటు ఇచ్చారు. నోటితో అడిగినన్నాళ్లూ రానిది కాగితం పెట్టగానే వచ్చింది. ఖాతా ఆగినవాళ్లు మొదటి రోజే ఇది చేయండి.

ప్రింటులో ఉన్నది ఒకే పద్దు. డిసెంబరు 14, 8,000 రూపాయలు. సైటు నాకు చెల్లించిన ఏకైక మొత్తం.

నేను ఫిర్యాదు చేసిన కేసులో నా ఖాతా ఆగలేదు. ఇంకో రాష్ట్రంలో ఇంకెవరో మోసపోయి చేసిన ఫిర్యాదులో ఆగింది. పోలీసుల భాషలో దీన్ని లేయర్ అంటారు. బాధితుడి డబ్బు మొదట ఒక ఖాతాకు, అక్కడి నుంచి రెండు మూడు ఖాతాలకు, అక్కడి నుంచి ఇంకెన్నింటికో పోతుంది. ఆ దారిలో నాలుగో వరసలో ఉన్నది నా జీతం ఖాతా. అనుమానం ఉన్న సొత్తును ఆపే అధికారం పోలీసులకు ఉంది, కొత్తగా వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది సెక్షన్ 106. కానీ వివాదం 8,000 మీద అయితే 33,412 ఎందుకు ఆపాలి? లాయరు మేడమ్‌కు ఫోన్ చేస్తే, 2023లో కేరళ హైకోర్టు ఇలాంటి వ్యవహారంలోనే, పోలీసులు చెప్పిన మొత్తం వరకే ఆపమని బ్యాంకులకు చెప్పిందని, ఆ తీర్పు కాపీ పంపారు. ఫిబ్రవరి 10న అది జతచేసి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చాను. 30 రోజులు దాటినా జవాబు లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, ఖర్చేమీ లేదు. 14448కి ఫోన్ చేసి అడిగి, మార్చి 14న ఆన్‌లైన్‌లో పెట్టాను.

కానీ తాళం ఉన్నది దర్యాప్తు అధికారి దగ్గర. ఆయన స్టేషన్ నంబరుకు పదకొండుసార్లు చేశాను. హిందీ నాకు ఢిల్లీ, రాజస్థాన్ పప్పు వ్యాపారులతో మాట్లాడి వచ్చింది, అది ఇక్కడ పనికొచ్చింది. పన్నెండోసారి ఆయనే ఎత్తాడు. నేను జూదం సైటు, విత్‌డ్రా అంటూ మొదలుపెట్టాను. ఆయన మొత్తం విని, ఆ 8,000 ఎవరివో తెలుసా అని అడిగాడు. రిటైరైన ఒక బడి మాస్టారివట. పోలీసులమని ఫోన్ చేసి, మీ పేరు మీద పార్సెల్‌లో మత్తుమందు దొరికిందని బెదిరించి, పెన్షన్ డబ్బు మూడున్నర లక్షలు వేయించుకున్నారట. ఆ మూడున్నర లక్షల్లో ఒక ముక్క తిరిగి తిరిగి నాకు గెలుపుగా వచ్చింది.

ఫోన్ పెట్టాక చాలాసేపు గోడౌన్‌లో బస్తాల మీద కూర్చున్నాను. ఆ 8,000తో డిసెంబరులో అమ్మాయికి వెండి పట్టీలు కొన్నాను, మిగిలింది మళ్లీ ఐడీలో వేశాను. సైటు నన్ను మోసం చేసిందని మూడు నెలలుగా ఊరంతా తిరిగి చెప్పుకుంటున్నాను. ఆ మాస్టారి కాగితాల్లో మాత్రం ఆయన డబ్బు చేరిన ఖాతాల్లో నాదొకటి. నా 61,500 కూడా అలాగే ఎవరికో గెలుపుగా వెళ్లి ఉంటుంది, వాళ్ల ఖాతా కూడా ఎక్కడో ఆగి ఉంటుంది.

తర్వాత పని తొందరగానే సాగింది. ఆయన అడిగినవి పంపాను. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, జీతం ఇస్తున్నట్టు ఫ్యాక్టరీ లెటర్, ఐడీ ఇచ్చిన నంబరుతో చాట్ మొత్తం, 1930లో నేను చేసిన ఫిర్యాదు నంబరు, ఆ 8,000 తిరిగి ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదని నోటరీ చేయించిన అఫిడవిట్. ఆడాను అన్న మాట అందులో దాచలేదు. చాట్ మాత్రం ఫోన్‌లో కొంత చెరిపేసుకున్నాను, సిగ్గుపడి. అది పెద్ద తప్పు. మిగిలి ఉన్న భాగమే నన్ను కాపాడింది. నేనూ ఆ ముఠాలో మనిషిని కానని చూపించేది అదొక్కటే.

ఏప్రిల్ ఆఖరున ఆయన బ్యాంకుకు మెయిల్ పెట్టాడు, 8,000 ఉంచి మిగతాది వదిలేయమని. మే 6న ఖాతా కదిలింది. అంబుడ్స్‌మన్ దగ్గర ఫిర్యాదు, సమస్య తీరిందని మూసేశారు. జులైలో అక్కడి మేజిస్ట్రేటు ఉత్తర్వుతో 8,000 నా ఖాతాలోంచి వెళ్లింది. ఆ మెసేజ్ మా ఆవిడకు చూపించాను. మాస్టారికి చేరిపోయిందా అని ఒక్కటే అడిగింది.

మధ్యలో ఇంకో వల పడింది. మీ డబ్బు రికవరీ చేస్తాం, 10 శాతం ముందు ఇవ్వండి అని ఒకడు మెసేజ్ పెట్టాడు. నా ఐడీ పేరు, నా బ్యాలెన్సు అంకె కూడా వాడికి తెలుసు. అది సైటుకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ నంబరు కూడా పోలీసులకిచ్చాను. ఆట మానడం గురించి ఎక్కువ రాయను. కొన్ని రాత్రులు కష్టంగా గడిచాయి, మానసిక ఆరోగ్య సలహాలిచ్చే 14416 టెలీ మానస్‌కు రెండుసార్లు ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడారు.

2025 ఆగస్టులో పార్లమెంటు కొత్త చట్టం తెచ్చింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు దేశమంతా నిషేధం. నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. డబ్బు చేరవేసే బ్యాంకులకూ బాధ్యత పెట్టారు. ఆడినవాళ్లకు ఆ చట్టంలో శిక్ష లేదు. ఇది నాకు సంతోషమే. మోసపోయినవాడు కాస్త తక్కువ భయంతో మొదటి గంటలోనే ఫోన్ ఎత్తుతాడు. కానీ నాకు ఐడీ ఇచ్చిన నంబరు లాంటివి ఏ చట్టం చూసి ఆగుతాయో తెలియదు. ఆ లారీ కుర్రాడి ఫోన్‌లో కొత్త పేరుతో, అదే ముద్ర బొమ్మతో ఇంకో సైటు నడుస్తూనే ఉంది.

దసరా ముందు మా ఫ్యాక్టరీలో పిక్కలు ఉడకబెట్టే చోట పనిచేసే కుర్రాడు మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చాడు. నా సంగతి అందరికీ తెలుసు, నేనే చెప్పాను. "అన్నా, ఐడీలో 22 వేలున్నాయి, తీయనివ్వట్లేదు. 4,500 ట్యాక్స్ కట్టమంటే ఇందాకే కట్టీసేను" అన్నాడు. ఎంతసేపైందని అడిగాను. అరగంట అన్నాడు. రాస్తున్న చిట్టా పక్కన పెట్టి, వాడి ఫోన్‌లోంచే 1930కి చేసి, యూటీఆర్ అంకె అంకె చదివించాను. సాయంత్రానికి 3,000 ఒక ఖాతాలో ఆపినట్టు తెలిసింది. మిగతా 1,500 అప్పటికే దాటిపోయింది.

స్టేషన్‌లో ఇవ్వడానికి ఫిర్యాదు నేనే రాసిపెట్టాను. వాడు పక్కన నిలబడి చూస్తూ, "మరి ఆ 22 వేలు రాయవా అన్నా?" అన్నాడు.

పోయిన మొత్తం అన్న చోట 4,500 అని రాశాను.